చప్పుడు రాకపోతే బాగున్నట్టేనా?

మోటార్‌సైకిల్ ఇంజిన్ లోపల ఒక చిన్న భాగం ఉంటుంది. దాని పని సర్దుకుపోవడం. పుస్తకాల్లో దాని పేరు క్యామ్ చైన్ టెన్షనర్. మన మెకానిక్ షాపుల్లో టైమింగ్ చైన్ టెన్షనర్ అంటారు, కొందరు అడ్జస్టర్ అంటారు. నాకు ఈ రెండో పేరే నచ్చుతుంది. 'అడ్జస్ట్ అవ్వడం' ఎప్పుడో తెలుగు మాటైపోయింది కదా. రైలు సీట్లో, అద్దె ఇంట్లో, అత్తారింట్లో, ఆఫీసులో, అన్నిచోట్లా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి చెప్తూనే ఉంటారు, కొంచెం అడ్జస్ట్ అవ్వమని. ఆ చెప్పేవాళ్లు సాధారణంగా అడ్జస్ట్ అయ్యేవాళ్లు కారు. అది వేరే సంగతి.

సర్దుకుపోవడం మంచి గుణమని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగాం. కాదని ఈమధ్య వింటున్నాం. ఈ రెండు మాటల మధ్య తేల్చుకోవడానికి నాకు ఈ ఇనుప ముక్క కొంత సాయపడింది. అదెలాగో చెప్పాలంటే ముందు దాని పని చెప్పాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో కింద క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి పైన హెడ్‌లో ఉన్న క్యామ్ షాఫ్ట్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. క్యామ్ తిరిగితే వాల్వులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. క్రాంక్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే క్యామ్ 3000 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటోందన్న మాట. పిస్టన్ పైకి వచ్చే వేళకి వాల్వు దారిలోంచి తప్పుకుని ఉండాలి. ఈ లెక్క తప్పకుండా కిందనున్న క్రాంక్‌నీ పైనున్న క్యామ్‌నీ కట్టి ఉంచేది టైమింగ్ చైన్.

వాడుతున్న కొద్దీ చైన్ సాగుతుంది. 'సాగింది' అని అంటాం గానీ లోహం రబ్బరులా సాగదు. లింకుకీ లింకుకీ మధ్య ఉండే పిన్నులు అరుగుతాయి. తొంభై లింకులున్న చైన్ అనుకుందాం. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటర్లో నూరో వంతు అరిగితే మొత్తం మీద దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు పెరుగుతుంది. ఏ ఒక్క లింకునీ తప్పు పట్టలేం. ఏ ఒక్కటి విడిగా చూసినా తేడా కనబడదు. అన్నీ కలిస్తే చైన్ వదులవుతుంది, ఊగుతుంది, పక్కనున్న గోడల్ని కొడుతుంది.

అలా కొట్టకుండా, చైన్ వదులయ్యే వైపు ఒక సన్నటి పట్టీ లాంటి గైడు ఉంటుంది. దాన్ని వెనకనుంచి టెన్షనర్ నెడుతూ ఉంటుంది. చాలా బళ్లలో టెన్షనర్ అంటే ఒక గొట్టం, అందులో స్ప్రింగు, పళ్లున్న కడ్డీ, ఆ పళ్లలో పడే కొక్కెం. చైన్ కాస్త వదులవగానే స్ప్రింగు కడ్డీని ఒక పన్ను ముందుకు తోస్తుంది. కొక్కెం పడుతుంది. కడ్డీ ఇక వెనక్కి రాదు. చైన్ మళ్లీ బిగువుగా ఉంటుంది. నడిపేవాడికి ఏమీ తెలియదు. తెలియకపోవడమే ఇక్కడ గొప్ప.

ఎప్పుడూ ఇలా లేదు. 1969లో వచ్చిన హోండా సీబీ 750లో టైమింగ్ చైన్ బిగువు మనిషి సర్దాల్సిందే. లాక్‌నట్టు వదులు చేస్తే స్ప్రింగు తన పని తను చేసుకుంటుంది. మళ్లీ నట్టు బిగించేయాలి. పెద్ద పనేం కాదు. కాకపోతే అన్ని వేల కిలోమీటర్లకి ఒకసారి ఎవరో ఒకరు పానా పట్టుకుని ఆ ఇంజిన్ పక్కన కూర్చోవాలి. చైన్ ఎంత అరిగిందో ఒక మనిషికి తెలిసే సందర్భం అది. తర్వాత వచ్చిన ఆటోమేటిక్ టెన్షనర్ ఆ సందర్భాన్ని తీసేసింది. మనిషి చూడాల్సిన పనిని భాగానికే అప్పగించింది.

మన దేశంలో నాలుగు స్ట్రోకుల బండిని మధ్యతరగతి ఇంటి ముందుకి తెచ్చింది 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100. దాని ప్రకటన చాలామందికి ఇప్పటికీ గుర్తు: 'ఫిల్ ఇట్, షట్ ఇట్, ఫర్గెట్ ఇట్'. పెట్రోలు పోయించు, మూత పెట్టు, మర్చిపో. అది మైలేజీ గురించి చెప్పిన మాటే, నిజమే. రెండు స్ట్రోకుల బళ్లకి పెట్రోల్లో ఆయిలు కలుపుకుంటూ తిరిగిన వాళ్లకి ఆ మాట ఎంత హాయిగా వినబడి ఉంటుందో ఊహించగలను. ఆ హాయిని ఎగతాళి చెయ్యను. ప్రతి యంత్రాన్నీ రోజూ పలకరించాలంటే మనిషి బతకలేడు. మర్చిపోగలగడం కూడా ఒక సౌకర్యమే. ఆ సౌకర్యం ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందన్నదే నా ప్రశ్న.

రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' చదివినవాళ్లకి అందులోని జాన్ గుర్తుండే ఉంటాడు. మంచి బీఎండబ్ల్యూ బండి కొనుక్కుని, దాని లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవడం మాత్రం ఇష్టపడని స్నేహితుడు. పిర్సిగ్‌కి అందులో కనబడింది యంత్రాల మీద మనిషికున్న విముఖత. నాకు ఇంకోటి కూడా కనబడుతుంది. తెలుసుకోకపోతే బాధ్యత ఉండదన్న నమ్మకం. చాలా ఇళ్లు ఆ నమ్మకం మీదే నడుస్తున్నాయి.

ఇక్కడ టెన్షనర్ గురించి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. అది చైన్ చప్పుడు ఆపగలదు గానీ చైన్ అరుగుదలని ఆపలేదు. చైన్ పొడవు పెరిగితే, టెన్షనర్ వదులుని ఒక పక్కకి లాగి పెట్టినా, క్యామ్ తాను ఉండాల్సిన చోటుకంటే కొంచెం వెనకబడుతుంది. వాల్వులు కాస్త ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఆలస్యంగా మూసుకుంటాయి. బండి నడుస్తుంది, చప్పుడు ఉండదు. ఆలస్యం మాత్రం లోపల ఉండనే ఉంటుంది. నడిపేవాడు అది కూడా గమనించడు. ఆ తగ్గుదల ఒక్కరోజులో రాలేదు, తను దానికి అలవాటు పడిపోయాడు కాబట్టి.

చివరికి కడ్డీ పళ్లు అయిపోతాయి. ఇంక ముందుకు పోవడానికి చోటుండదు. అప్పుడు మొదటిసారి చప్పుడొస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు గరగరమంటుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు గొలుసు ఆడినట్టు వినబడుతుంది. అప్పుడు మనం షాపుకి వెళ్తాం. "అన్నా, ఇంజిన్లోంచి ఏదో సౌండొస్తోంది." ఆయన పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించి విని, "టెన్షనర్ పోయింది తమ్ముడూ" అంటాడు. ఆ మాట గమనించండి. అరిగింది చైన్. ఇన్నేళ్లూ ఆ అరుగుదలని మోసింది టెన్షనర్. 'పోయింది' అన్న పేరు మాత్రం దానికొచ్చింది.

వేరే దేశంలో జరిగిన ఒక సంగతి ఇంకా కటువుగా ఉంటుంది. హార్లీ డేవిడ్‌సన్ కంపెనీ 1999 మోడళ్లతో ట్విన్ క్యామ్ 88 అనే ఇంజిన్ తెచ్చింది. అందులో రెండు చైన్లు, రెండు టెన్షనర్లు. గట్టి స్ప్రింగుతో చైన్ మీద నొక్కుతూ ఉండే రకం. చైన్‌ని తాకే చోట ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసిన షూ ఉంటుంది. స్ప్రింగు నొక్కుడు ఎక్కువ, చైన్ దాని మీదుగా పరిగెడుతూ ఉంటుంది. షూ గాడి పడి, పొడి పొడిగా రాలేది. ఆ పొడి ఆయిల్లో కలిసి ఆయిల్ పంపుకి చేరేది. షూ పూర్తిగా అరిగిపోతే లోహానికి లోహం తగిలేది. బండి మాత్రం చాలాకాలం మామూలుగానే నడిచేది. కవరు విప్పి చూసినవాళ్లకే తెలిసేది. అందులోనూ బయటి టెన్షనర్ కవరు తీయగానే కనబడుతుంది గానీ, లోపలిది చూడాలంటే క్యాములు మోసే పలక మొత్తం బయటికి తీయాలి. తర్వాత కంపెనీ పద్ధతి మార్చింది. 2006లో డైనా మోడళ్లకి, 2007 నుంచి మిగతావాటికి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్లు పెట్టింది. అవి తక్కువ నొక్కుడుతో పని చేస్తాయి. పాత బళ్లున్నవాళ్లు మాత్రం చప్పుడు కోసం ఎదురుచూడకుండా, ఇన్ని మైళ్లకొకసారి అని పెట్టుకుని విప్పి చూడటం నేర్చుకున్నారు.

ఇందులో నాకు పాఠంలా అనిపించిన మాట ఒక్కటే. చప్పుడు లేకపోవడం ఆరోగ్యానికి రుజువు కాదు. మధ్యలో సర్దుకుపోయేది ఏదైనా ఉంటే, నిశ్శబ్దం మనకి ఆ సర్దుకుపోయేదాని బలం గురించి చెప్తుందే తప్ప మిగతా యంత్రం గురించి ఏమీ చెప్పదు.

ఇది మనుషుల విషయంలో ఎంత నిజమో చెప్పే ఒక లెక్క ఉంది. అమర్త్య సేన్ తన రచనల్లో ప్రస్తావించాడు. 1943 బెంగాల్ కరువు తర్వాతి ఏడాది, 1944లో, కలకత్తాకి దగ్గర్లోని సింగూరు ప్రాంతంలో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ వాళ్లు ఒక సర్వే చేశారు. ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం మంది జబ్బుగా ఉందనో, అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో అలా చెప్పినవాళ్లు 2.5 శాతం. 'అంతంతమాత్రం' అన్న ఒక్క జవాబే తీసుకుంటే, మగవాళ్లలో 45.6 శాతం, ఆడవాళ్లలో సున్నా. ఒక్కరు కూడా లేరు.

ఆ కాలపు బెంగాల్లో వితంతువుల బతుకు ఎలా ఉండేదో కొంచెం తెలిసినవాళ్లెవరూ ఈ అంకెలు చూసి 'ఆడవాళ్లు భేషుగ్గా ఉన్నారన్న మాట' అని అనుకోరు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అంతంతమాత్రంగా ఉండటమే తమకి రాసిపెట్టి ఉందనుకున్నప్పుడు దాన్ని ఫిర్యాదుగా చెప్పాలని తోచదు. ఆశ కూడా పన్ను పన్నుగా సర్దుకుంటుంది. సేన్ దీన్నుంచి తీసిన సారం: ఒక మనిషి తృప్తిగా ఉన్నానని చెప్పడం ఆ మనిషికి న్యాయం జరుగుతోందనడానికి చాలదు.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. ఊహించుకోవడం కష్టమేం కాదు, అలాంటి ఇల్లు మనందరి చుట్టరికంలోనూ ఒకటుంటుంది. తండ్రికి పక్షవాతం. ఇద్దరు కొడుకులు అమెరికాలో. కూతురు అదే ఊళ్లో, నాలుగు వీధుల అవతల. కొడుకులు చెడ్డవాళ్లు కారు. నెలనెలా డబ్బు పంపిస్తారు, ఆదివారం ఫోన్ చేస్తారు. "అంతా బాగానే ఉంది కదక్కా?" "ఆ, బాగానే ఉందిరా, మీరేం కంగారు పడకండి." ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. తండ్రికి వేళకి మందులు పడుతున్నాయి, పక్క మార్చుతున్నారు, ఒంటికి పుళ్లు పడలేదు. కాకపోతే ఆవిడ కుట్టుపని మానేసింది. రెండేళ్లుగా పుట్టిన ఊరి జాతరకి వెళ్లలేదు. మోకాలు నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేస్తూ వస్తోంది. ఏ ఒక్కటీ ఫోన్లో చెప్పేంత పెద్దది కాదు. నూరో వంతు మిల్లీమీటరు.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటిపనిలో పడి తన పేరు మర్చిపోతుంది. ఆ కథ గుర్తొచ్చినప్పుడల్లా నాకు అనిపించేది, ఆ ఇంట్లో ఎవరికీ ఏ లోటూ రాలేదు కదా అని. లోటు రాకపోబట్టే ఎవరూ గమనించలేదు.

టెన్షనర్లో ఉండే కొక్కెం సంగతి ఇక్కడే చెప్పాలి. మనం "ఈ ఒక్కసారికి సర్దుకో" అంటాం. మనస్ఫూర్తిగానే అంటాం. ఒక్కసారే అనుకుంటాం. కానీ కడ్డీ ముందుకి జరిగాక కొక్కెం పడుతుంది. నిన్న చేసిన సాయం ఈరోజు అలవాటవుతుంది, రేపటికి బాధ్యతవుతుంది, ఎల్లుండి చేయకపోతే మార్పు వచ్చిందంటారు. ఆఫీసులోనూ ఇంతే. ఒక రిలీజ్ కోసం శనివారం పని చేసినవాడు ఆ తర్వాత ప్రతి శనివారం దొరుకుతాడు. మొదటిసారి థాంక్స్ చెప్తారు. పదోసారికి అది ఆ టీమ్ పని చేసే తీరైపోతుంది. వెనక్కి రావడానికి దారి లేని సర్దుబాటుకీ, అవసరం తీరాక తిరిగొచ్చే సర్దుబాటుకీ తేడా ఉంది. రెంటినీ ఒకే మాటతో పిలవడం వల్ల చాలా అన్యాయం జరిగిపోతోంది.

అయితే సర్దుకుపోవడమే తప్పా? ఈమధ్య కొందరు అలా అంటున్నారు. ఎవరి కోసమూ ఏదీ వదులుకోవద్దంటారు. ఆ కోపం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకర్థమవుతుంది. ఆ నిర్ణయం మాత్రం ఒప్పుకోలేను. టెన్షనర్ లేని చైన్ ఒక్కరోజు కూడా సరిగ్గా నడవదు. కలిసి బతికే ఏ ఇద్దరి మధ్యనైనా అరుగుదల ఉంటుంది, కొంత వదులు వస్తుంది, ఎవరో ఒకరు ఆ వదులుని తీసుకోవాలి. ఎవరూ తీసుకోకపోతే గోడలకి కొట్టుకోవడమే. 'ఓర్చినమ్మకు తేటనీరు' అన్న సామెత ఊరికే పుట్టలేదు. కలిసి నీళ్లు తోడుకునే చెలమ దగ్గర పుట్టింది. అందరూ ఒక్కసారే చెయ్యి పెడితే అందరికీ బురదే దొరుకుతుంది.

ఆ సామెతలో ఓర్చుకున్నమ్మకి చివర తేటనీరు దొరుకుతుంది. అది షరతు. నీళ్లు తేరుకున్నాక కూడా ఆవిణ్ని కట్ట మీదే నించోబెడితే ఆ సామెత ఇక వర్తించదు. మనం మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాం.

అరిస్టాటిల్ కోపం గురించి రాస్తూ, కోపగించుకోవాల్సిన చోట కోపం రానివాడిని సద్గుణవంతుడని అనలేదు. అలాంటివాడు తెలివితక్కువవాడిగా కనబడతాడనీ, అవమానాన్ని భరిస్తూ పోవడం బానిస లక్షణమనీ అన్నాడు. బౌద్ధ గ్రంథాల్లో సోణుడి కథ ఉంది. సోణుడు భిక్షువు కాకముందు వీణ వాయించేవాడు. సాధనలో అతిగా శ్రమించి నిరాశ పడితే బుద్ధుడు అతన్ని అడుగుతాడు, తీగలు మరీ బిగిస్తే వీణ పలికేదా, మరీ వదులు చేస్తే పలికేదా అని. ఈ కథ నుంచి అందరూ 'మధ్యేమార్గం' అన్న మాట తీసుకుంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనబడేది ఏంటంటే, వీణ తీగ బిగువు ఒకసారి కుదిర్చి మర్చిపోయేది కాదు. వాయించే ప్రతిసారీ చెవి పెట్టి వినాలి, బిరడా తిప్పాలి. అవసరమైతే వెనక్కి కూడా తిప్పొచ్చు. మధ్యేమార్గం ఒక చోటు కాదు, మళ్లీ మళ్లీ చేసే పని. కొక్కెం ఉన్న టెన్షనర్‌కి ఆ వెనక్కి తిరగడం లేదు.

మరి టెన్షనర్ పళ్లు అయిపోయినప్పుడు ఏం చేస్తున్నాం? మూడు రకాలుగా చేస్తున్నాం. ఒకటి, చైన్ అలాగే ఉంచి కొత్త టెన్షనర్ వేయడం. చవక. చప్పుడు తగ్గుతుంది. కానీ సాగిన చైన్‌ని పట్టుకోవడానికి కొత్త కడ్డీ మొదటి రోజే చివరిదాకా వచ్చేస్తుంది. కొన్ని నెలలకి మళ్లీ మొదలు. రెండు, ఆటోమేటిక్ టెన్షనర్ తీసేసి బోల్టుతో బిగించే రకం పెట్టి, చప్పుడు ఆగేదాకా తిప్పడం. చప్పుడు ఆగుతుంది, ఆ తర్వాత గైడు, చైన్, బేరింగులు త్వరగా అరుగుతాయి. 'తెగేదాకా లాగొద్దు' అనే సామెత ఈ పని చేసేవాళ్ల కోసమే పుట్టిందనిపిస్తుంది. మూడు, హెడ్ విప్పి, చైన్, రెండు గైడులు, స్ప్రాకెట్ పళ్లు అన్నీ చూసి, అరిగినవన్నీ కలిపి మార్చడం. ఖర్చూ ఎక్కువ, ఒక పూట బండీ ఉండదు. అసలు రిపేరు మాత్రం ఇదొక్కటే.

మనుషుల విషయంలో మొదటి పద్ధతికి ఎన్ని మర్యాదైన పేర్లున్నాయో! అలసిపోయిన ఉద్యోగికి ఒత్తిడి తట్టుకునే వర్క్‌షాపు. కోడలికి కౌన్సెలింగ్. తండ్రిని చూసుకుంటున్న అక్కకి ఒక యోగా యాప్. ఇవేవీ చెడ్డవని కాదు. కానీ ఇవన్నీ సర్దుకుపోయే శక్తిని పెంచే ఏర్పాట్లు. సర్దుకోవాల్సిన అవసరం ఎక్కణ్నుంచి వస్తోందో అటు చూడవు. టీమ్‌లో ఇద్దరు తక్కువున్నారు, ఇంట్లో ముగ్గురి పని ఒకరి మీద పడింది. అది చైన్.

ఈ పోలికని ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి, లేకపోతే ఇంకో రకం అన్యాయం చేసినవాణ్నవుతాను. మనిషి స్పేర్ పార్టు కాదు. అరిగిపోయాక మార్చేద్దాం అనుకోవడానికి లేదు. అరగడం మొదలైన రోజు నుంచే అక్కడ నష్టం ఉంది, ఇంజిన్ ఆగిన రోజు నుంచి కాదు. రెండోది, టెన్షనర్‌కి నోరు లేదు, మనిషికి ఉంది. అందుకని కొందరు అంటారు, 'కష్టంగా ఉంటే చెప్పొచ్చుగా, చెప్పకపోతే మాకెలా తెలుస్తుంది?' అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. సింగూరు అంకెలు దానికి జవాబు. ఎక్కువగా సర్దుకుపోయినవాళ్లే తక్కువగా చెప్పగలుగుతారు. పైగా చెప్తే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. 'నీకు కష్టంగా ఉంటే నాన్నని హోమ్‌లో పెడదాం' అంటారు. ఆవిడ అడిగింది అది కాదు. కాబట్టి, "బాగానే ఉంది."

అందుకే చూడాల్సిన బాధ్యత చప్పుడు చేయాల్సినవాళ్ల మీద కాదు, నిశ్శబ్దం వల్ల హాయిగా ఉన్నవాళ్ల మీద ఉంటుందని నేననుకుంటాను. బండి ఎక్కి తిరిగేవాడే కవరు విప్పించాలి. తెలియదనడం అతనికి సాకు కాదు, ఎందుకంటే తెలియకుండా ఉండటమే అతను అనుభవిస్తున్న సౌకర్యం.

సర్దుకుపోయేవాళ్లకి ఏ బాధ్యతా లేదా అంటే, ఉంది. అది చిన్నది. తమ కడ్డీకి ఎన్ని పళ్లు మిగిలాయో తమకి తాము దాచుకోకుండా ఉండటం. 'నేనెంతైనా భరించగలను' అన్నది కూడా ఒక రకం గర్వమే. అది నమ్మి చుట్టూ ఉన్నవాళ్లు తమ లెక్కలు వేసుకుంటారు.

ఇక విప్పి చూడటం ఎలా? మంచి మెకానిక్ చేసే పని వరస చూడండి. ముందు మ్యాగ్నెట్ దగ్గర టీ గుర్తు, పైన క్యామ్ స్ప్రాకెట్ గుర్తు రెండూ సరిగ్గా కలిసేలా ఇంజిన్‌ని చేత్తో తిప్పి పెడతాడు. టెన్షనర్ బోల్టులు కొంచెం వదులు చేసి, మనసు మార్చుకుని మళ్లీ బిగించడు. అలా చేస్తే లోపలి కడ్డీ మరో రెండు పళ్లు ముందుకొచ్చి, మళ్లీ బిగించినప్పుడు చైన్ మరీ బిగిసిపోతుంది. విప్పితే పూర్తిగా విప్పాలి, కడ్డీని వెనక్కి పెట్టి మొదటినుంచి మొదలుపెట్టాలి. బయటికి తీశాక ఎన్ని పళ్లు ముందుకొచ్చిందో లెక్కపెడతాడు. బొటనవేలితో నొక్కి, వెనక్కి పోతోందేమో చూస్తాడు. గైడు మీద చైన్ చేసిన గాడి లోతు చూస్తాడు. ఆయిల్ జల్లెడలో ప్లాస్టిక్ ముక్కలు చిక్కుకున్నాయేమో చూస్తాడు. అన్నీ బిగించాక వెంటనే సెల్ఫ్ కొట్టడు. పానాతో క్రాంక్‌ని చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని, గుర్తులు మళ్లీ కలిశాయని నిర్ధారించుకుంటాడు. ఆఖర్న పాత ముక్కలు బండి యజమాని చేతిలో పెడతాడు. ఆ చివరి పని నాకు చాలా ఇష్టం. నీ కోసం అరిగింది ఇది, చూసుకో.

ఈ పనుల్లో ఎక్కడా 'ఎలా ఉన్నావు' అన్న ప్రశ్న లేదు. లెక్కపెట్టడం, నొక్కి చూడటం, రాలినదాన్ని వెతకడం ఉన్నాయి. సర్వీస్ పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకి ఏం చూడాలో రాసి ఉంటుంది. చప్పుడొస్తే చూడమని కాదు, వచ్చినా రాకపోయినా చూడమని. ఫిర్యాదుతో సంబంధం లేకుండా తేదీ ముందే పెట్టుకోవడంలో ఒక గౌరవం ఉంది. అవతలివాళ్లు నోరు తెరిచి అడగాల్సిన అవసరాన్ని అది తీసేస్తుంది.

ఆ ఇద్దరు తమ్ముళ్లు ఆదివారం ఫోన్లో అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. అక్కా, నువ్వు ఊరెళ్లి ఎన్నాళ్లయింది? కుట్టుమిషన్ మీద ఏం పెట్టావు ఇప్పుడు? మోకాలికి ఎక్స్‌రే ఎప్పుడు తీయించుకున్నావు? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? ఇవి అడిగితే అంకెలొస్తాయి, 'బాగానే ఉంది' రాదు. అంకెలొచ్చాక ఇంకో డబ్బు పంపడంతో సరిపోదని వాళ్లకే తెలుస్తుంది. ఏడాదిలో రెండు నెలలు ఒకడొచ్చి ఉండాలి, రెండు నెలలు ఇంకొకడు. సెలవు దొరకదు, పిల్లల బడి, వీసా, టికెట్లు. అన్నీ నిజమే. ఆ కష్టాలు ఇప్పటిదాకా లేవని కాదు, ఇన్నాళ్లూ ఇంకొకరి మోకాలి మీద ఉన్నాయి.